పెద్ద కుక్కకు కొత్త అలవాటు

కుక్క ఇంటికి కాపలా. రాత్రిపూట అలికిడి అయితే మొరుగుతుంది. పాము వస్తే ముందు దానికే తెలుస్తుంది. కొత్త మనిషి గుమ్మం ఎక్కక ముందే ఇంట్లో వాళ్లకు కబురు చెబుతుంది. ఇన్ని పనులు చేసే కుక్క ఒక్కోసారి ఇంట్లోనే ఉచ్చ పోస్తుంది. తలుపు మూల, మంచం కోడు, బియ్యం డబ్బా, ధాన్యం బస్తా, ఏదీ వదలదు. ఇల్లంతా ఒకటే వాసన.

కడిగే పని ఎవరిది? ఇంటి ఆడవాళ్లదే. పొద్దున్నే లేచి వాకిలి ఊడవాలి. కళ్లాపి చల్లాలి. నీళ్లు పట్టాలి. పొయ్యి వెలిగించాలి. దానికి తోడు ఈ పని ఒకటి. మగవాళ్లు కర్ర తీసుకుని కుక్కను నాలుగు బాదుతారు. అక్కడికి తమ పని అయిపోయిందనుకుంటారు. మర్నాడు మళ్లీ అదే చోట అదే మరక.

"కుక్కపిల్ల అయితే నేర్పుకోవచ్చు. నాలుగేళ్ల కుక్కకు ఏం నేర్పుతాం?" అంటారు చాలామంది. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత కూడా చెబుతారు. ఆ సామెత కుక్కకు సరిపోదు. 2 నెలల కుక్కపిల్ల మూత్రం ఆపుకోలేదు. గంటకో రెండు గంటలకో పోసి తీరాలి. పెద్ద కుక్క 6 గంటలు, 8 గంటలు కూడా ఆపుకోగలదు. అంటే ఆపుకునే శక్తి దాని ఒంట్లో ఉంది. ఎక్కడ పొయ్యాలో తెలియదు, అంతే. అందుకని పెద్ద కుక్కకు నేర్పడం ఒక విధంగా సులువే.

కుక్కకు ఏది ఇల్లు, ఏది బయలు?

ఇంట్లో ఉచ్చ పొయ్యడం తప్పు అని కుక్కకు తెలియదు. ఇల్లు, వాకిలి, దొడ్డి అని మనం పేర్లు పెట్టుకున్నాం. కుక్కకు ఆ పేర్లు లేవు. దానికి తెలిసింది ఒక్కటే. తాను పడుకునే చోటు పాడు చెయ్యకూడదు. ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. పుట్టిన పిల్లల్ని తల్లికుక్క నాకి శుభ్రం చేస్తుంది. పిల్లలకు 3 వారాలు దాటి కాస్త నడక వచ్చాక, అవే పడుకున్న చోటు వదిలి పక్కకు పోయి పోస్తాయి. ఈ గుణమే మనకు ఆసరా. "నువ్వు పడుకునే చోటు ఒక్కటే కాదు, ఈ కప్పు కింద ఉన్నదంతా నీ చోటే" అని దానికి తెలియజెయ్యాలి. మాటలతో తెలియజెయ్యలేం. అలవాటుతో తెలియజెయ్యాలి.

రెండో సంగతి వాసన. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50 లక్షలు ఉంటాయి. కుక్క ముక్కులో 20 కోట్లకు పైనే ఉంటాయి. మనం ఉత్తరం చదువుకున్నట్టు కుక్క వాసన చదువుకుంటుంది. ఇక్కడ పోసింది ఆడదా, మగదా, తెలిసిన కుక్కా, కొత్త కుక్కా, ఎంత సేపయింది, అన్నీ దానికి తెలుస్తాయి. మనం కడిగి, ఇక వాసన లేదు అనుకుంటాం. కుక్కకు మాత్రం ఆ వాసన ఇంకా తగులుతూనే ఉంటుంది. వాసన ఉన్న చోటే మళ్లీ పోస్తుంది.

ముందు కారణం పట్టుకోవాలి

కుక్క ఇంట్లో పొయ్యడానికి కారణాలు చాలా ఉన్నాయి. కొన్ని కుక్కలకు ఎవరూ ఏనాడూ నేర్పలేదు. కొన్నింటిని పొద్దస్తమానం కట్టేస్తారు. ఆపుకుని ఆపుకుని చివరికి అక్కడే పోస్తాయి. మగకుక్క కాలెత్తి కాస్త కాస్త చల్లుతుంది. అది కడుపు నిండి పొయ్యడం కాదు. "ఇది నా చోటు" అని గుర్తు పెట్టుకోవడం. కొన్ని కుక్కలు భయంతో పోస్తాయి. ఆడకుక్క ఎదకు వచ్చినప్పుడు మాటిమాటికీ పోస్తుంది. ముసలి కుక్కకు పట్టు తప్పుతుంది. జబ్బు చేసినా పోస్తుంది.

కారణం వేరైతే మందు కూడా వేరే. అందరికీ ఒకే కర్ర పనికిరాదు.

కారణం ఎలా తెలుస్తుంది? గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో ఒక ఇల్లాలు దీనికి మంచి ఉపాయం చేసింది. వాళ్ల కుక్క పేరు రాజు. వయసు సుమారు 4 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి పొలంలో మోటారు కొట్టం దగ్గరే ఉండేది. చేను కౌలుకు ఇచ్చాక దాన్ని ఇంటికి తెచ్చారు. వచ్చిన రోజు నుంచీ ఇంట్లో ఉచ్చ. వసారాలో ధాన్యం బస్తాలు ఉన్నాయి. బస్తాల మీద కూడా ఉచ్చ. అప్పటికి కూతురికి ఏడో నెల. ఇంకో నెలన్నర అయితే పురిటికి పుట్టింటికి వస్తుంది. పసిబిడ్డ తిరిగే ఇల్లు ఇలా ఉంటే ఎలా?

భర్త ఒకటే మాట అన్నాడు. "దాన్ని కాలవ అవతల వదిలేసి వస్తా. పీడ పోతుంది."

అత్త కూడా అదే అంది. "అవునమ్మాయ్. పొలం కుక్కకు ఇంటి బుద్ధులు వస్తాయా?"

ఇల్లాలికి మనసు ఒప్పలేదు. నాలుగేళ్లు అడవిపందుల నుంచి చేను కాపాడిన కుక్క. వదిలేస్తే ఏం తింటుంది? చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం ప్రకారం, తిండీ నీళ్లూ లేక అలమటించేలా జంతువును వదిలెయ్యడం నేరం. ఈ సంగతి చాలామందికి తెలియదు.

"ఒక్క నెల ఆగండి. అప్పటికీ మారకపోతే అప్పుడు చూద్దాం" అంది ఆమె.

క్యాలెండరు మీద రాసిన లెక్క

ఇంట్లో గోడకు పెద్ద గడుల క్యాలెండరు ఉంది. పాల లెక్క, చాకలి లెక్క దాని మీదే రాస్తుంది ఆమె. ఈసారి కుక్క లెక్క రాసింది. కుక్క బయట పోస్తే గడిలో "బ" అని రాసింది. లోపల పోస్తే "లో" అని రాసింది. పక్కనే గంట వేసింది. ఎక్కడ పోసింది, ఎక్కువా తక్కువా, అప్పుడు ఎవరున్నారు, అది కూడా రెండు ముక్కల్లో రాసింది. 10 రోజులు కుక్కను ఏమీ అనలేదు. చూసింది, రాసింది.

10 రోజుల్లో 17 సార్లు "లో" వచ్చింది. ఆ పదిహేడూ ఒక రకం కాదు.

6 సార్లు తెల్లవారుజామున జరిగింది. వసారా తలుపు దగ్గర పెద్ద మడుగు. 7 సార్లు బస్తాల దగ్గర జరిగింది. అదీ సాయంత్రం పూట. కొంచెం కొంచెం, కాలెత్తి చల్లినట్టు. మిగతా 4 సార్లు కుక్క ఉన్నచోటే కూలబడి పోసింది. ఆ నాలుగు గడుల్లోనూ ఒకే మాట ఉంది. "ఆయన" అని.

ఆయన బయటి నుంచి వచ్చినప్పుడల్లా జరిగింది అది. చేతిలో కర్ర ఉంటుంది. వస్తూనే "మళ్లీ పోసిందా?" అని గద్దిస్తాడు.

ఒక కుక్కకే మూడు కారణాలు. రాయకపోతే ఈ సంగతి తేలేది కాదు. కళ్లతో చూసింది రేపటికి మరిచిపోతాం. రాసింది అలాగే ఉంటుంది.

వాసన పోయేలా కడగాలి

ఏ కారణమైనా ముందు పాత వాసన వదిలించాలి. ఇది సగం పని.

మట్టి నేల అయితే పైపైన నీళ్లు కొడితే లాభం లేదు. ఉచ్చ లోపలికి ఇంకి ఉంటుంది. మొదట బూడిద చల్లాలి. బూడిద తడిని పీల్చుకుంటుంది. తరువాత ఆ బూడిదనూ, తడిసిన మట్టినీ పారతో గీకి తీసెయ్యాలి. కొత్త మట్టి వేసి, మెత్తి, అలకాలి.

గచ్చు నేల అయితే పాత గుడ్డతో ఉచ్చ అంతా ముందు అద్ది తియ్యాలి. తరువాత సబ్బు పొడి కలిపిన నీళ్లతో రుద్ది కడగాలి. ఆపైన వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి పొయ్యాలి. కిరాణా కొట్లో వెనిగర్ సీసా దొరుకుతుంది. కాసేపు ఉంచి తుడవాలి. వెనిగర్ లేకపోతే తడి మీద వంట సోడా చల్లి, ఆరాక ఊడ్చెయ్యాలి. నాపరాళ్ల మీద మాత్రం వెనిగర్ వద్దు. రాయి మచ్చ పడుతుంది.

గోనె సంచి తడిస్తే అందులో గింజలు తీసి చూడాలి. తడిసిన గింజలు పారెయ్యాలి. సంచిని సబ్బుతో ఉతికి రెండు రోజులు ఎర్రటి ఎండలో వెయ్యాలి.

కొందరు ఫినాయిలు గుమ్మరిస్తారు. ఫినాయిలు వాసన మన ముక్కును కప్పేస్తుంది. కుక్క ముక్కును కప్పలేదు. పైగా అది కుక్క కాళ్లకు అంటి, నాకితే విషం. కొందరు కలరా ఉండలు వేస్తారు. అవి కుక్కకూ విషమే, పాకే పిల్లలకూ విషమే. కారం చల్లేవాళ్లూ ఉన్నారు. అది హింస. బ్లీచింగు పౌడరునూ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే ఊపిరాడని విషవాయువు పుడుతుంది. మూత్రం మీద నేరుగా బ్లీచింగు చల్లినా ఘాటు గాలి వస్తుంది. ముందు కడిగిన తరువాతే ఏదైనా.

పట్నాల్లో గేట్ల ముందు నీలిమందు కలిపిన నీళ్ల సీసాలు వేలాడదీస్తారు. ఆ రంగు చూసి కుక్కలు భయపడతాయని అంటారు. కుక్కకు నీలం రంగు బాగానే కనబడుతుంది. కనబడినంత మాత్రాన భయం లేదు. సీసా పక్కనే కాలెత్తిన కుక్కలు కావలసినన్ని.

వేళ, చోటు, మాట

ఇక నేర్పడం. దీనికి కావలసినవి మూడు. ఒకే వేళ, ఒకే చోటు, ఒకే మాట.

కుక్కకు మూత్రం వచ్చే వేళలు మనకు తెలిసినవే. నిద్ర లేచిన వెంటనే వస్తుంది. తిన్న తరువాత వస్తుంది. ఎగిరి ఆడిన తరువాత వస్తుంది. ఆ వేళలకు దాన్ని మనమే బయటికి తీసుకుపోవాలి. తలుపు తీసి వదిలేస్తే చాలదు. మెడకు తాడు కట్టి, వెంట నడవాలి. మొదటి వారం 3 గంటలకు ఒకసారి తీసుకుపోతే మంచిది. అలవాటయిన కొద్దీ సార్లు తగ్గించుకోవచ్చు.

రాజు సంగతి చూద్దాం. ఆ ఇంట్లో రాత్రి 7 గంటలకు కుక్కకు అన్నం పెట్టి తలుపు వేసేవారు. మళ్లీ తలుపు తీసేది తెల్లవారి 5 గంటలకు. అంటే 10 గంటలు. ఏ కుక్క ఆగుతుంది? పాపం అది తలుపు దాకా వచ్చేది. తలుపు మూసి ఉండేది. అక్కడే పోసేది. తలుపు దగ్గర మడుగు ఉందంటే అర్థం అదే. కుక్క బయటికి పోవాలనుకుంది. పోనివ్వలేదు.

ఇల్లాలు వేళలు మార్చింది. సాయంత్రం 6 గంటలకే అన్నం పెట్టింది. పడుకోబోయే ముందు, 9.30కి, దొడ్లోకి తీసుకుపోయింది. పొద్దున తాను లేవగానే ముఖం కడగక ముందే కుక్కను బయటికి తీసింది. తెల్లవారుజాము మడుగు 4 రోజుల్లో ఆగిపోయింది. ఇందులో కుక్క నేర్చుకున్నది కొంచెమే. మారింది ఇంటి వేళలే.

ఒక మాట జాగ్రత్త. ఉచ్చ తగ్గాలని నీళ్లు ఆపకూడదు. మన ఎండలకు నీళ్లు లేక కుక్క చచ్చిపోగలదు. మూత్రపిండాలూ పాడవుతాయి. పగలంతా గిన్నెలో మంచినీళ్లు ఉండాలి.

చోటు ఒక్కటే ఉండాలి. ఆమె దొడ్లో కానుగ చెట్టు మొదలు ఎంచుకుంది. ఇంట్లో ఉచ్చ తుడిచిన గుడ్డను పారెయ్యకుండా, తెచ్చి ఆ చెట్టు మొదట్లో పడేసింది. కుక్క వచ్చి వాసన చూసింది. "ఓహో, ఇక్కడా" అనుకున్నట్టు కాలెత్తింది. రెండు రోజులయ్యాక గుడ్డ తీసేసింది.

మాట కూడా ఒక్కటే. "పొయ్, రాజూ" అనేది ఆమె. మీ ఇష్టం వచ్చిన మాట అనుకోవచ్చు. ఇంట్లో అందరూ అదే అనాలి. అది పోస్తూ ఉండగా మెల్లగా ఆ మాట అనాలి. కొన్నాళ్లకు ఆ మాట వినగానే కుక్కకు మూత్రం గుర్తుకు వస్తుంది.

ఇది మంత్రం కాదు. రష్యా దేశంలో పావ్లోవ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. 1904లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన కుక్కలతో ఒక పరీక్ష చేశాడు. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక చప్పుడు చేశాడు. కొన్నాళ్లకు తిండి లేకపోయినా, ఆ చప్పుడు వింటే చాలు, కుక్క నోట్లో చొంగ కారింది. చప్పుడునూ తిండినీ కుక్క జత చేసుకుంది. పాలమనిషి గిన్నె చప్పుడుకే దూడ లేచి నిలబడదూ? అలాంటిదే.

బయట పోసిన వెంటనే మెచ్చుకోవాలి. వీపు నిమరాలి. చిన్న రొట్టె ముక్కో, ఉడికిన గుడ్డు ముక్కో, వేలి గోరంత పెట్టాలి. ఉల్లిపాయ వేసిన కూరలు పెట్టకూడదు. ఉల్లి కుక్క రక్తాన్ని పాడు చేస్తుంది. "వెంటనే" అన్న మాట గుర్తుంచుకోండి. ఇంట్లోకి వచ్చాక పెడితే, ఇంట్లోకి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. అందుకే ముక్క కొంగున కట్టుకుని పోవాలి.

మిగతా వేళల్లో కుక్క మన కంటి ఎదుటే ఉండాలి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే వెంటనే బయటికి తీసుకుపోవాలి. ఎవరూ చూసేవాళ్లు లేనప్పుడు అది పడుకునే గోనె దగ్గర కట్టెయ్యాలి. పడుకునే చోటు అది పాడు చేసుకోదు. అలాగని గంటల తరబడి కట్టెయ్యకూడదు. లోపల పోస్తూ కంటపడితే ఒక్క చప్పట్లు కొట్టాలి. ఉలిక్కిపడి ఆగుతుంది. చెట్టు దగ్గరికి నడిపించాలి. అక్కడ మిగిలింది పోస్తే మెచ్చుకోవాలి. పోసి పోయాక చూస్తే మాత్రం నోరు మూసుకుని కడుక్కోవాలి. కష్టమే. అయినా అంతే.

కొడితే ఏమవుతుంది?

ముక్కు పట్టి ఉచ్చలో రుద్దడం చాలా ఇళ్లలో ఉంది. అది వట్టి దండగ పని. గంట కిందట పోసినదానికి ఇప్పుడు కొడితే కుక్కకు అర్థం కాదు. అది తల దించుకుంటుంది, తోక ముడుచుకుంటుంది. "చూశావా, తప్పు చేశానని దానికే తెలుసు" అంటాం. దానికి తెలిసింది తప్పు కాదు. మన కోపం. కొట్టగా కొట్టగా కుక్క ఒక సంగతి నేర్చుకుంటుంది. మనిషి చూస్తుండగా పొయ్యకూడదని. అప్పుడు మంచం కిందికి, గాదె వెనక్కి పోయి దొంగతనంగా పోస్తుంది. బయట మనం పక్కన ఉంటే అసలే పొయ్యదు. పని ఇంకా చెడుతుంది.

రాజు మోటారు కొట్టం దగ్గర ఉన్నప్పుడు యజమాని అంటే తోక ఊపుకుంటూ పరుగెత్తేది. ఇంటికి వచ్చాక అతన్ని చూస్తే వణికేది. చెవులు వెనక్కి వేసి, కూలబడి, ఉచ్చ వదిలేది. అది పొగరు కాదు. "నేను నీకంటే చిన్నదాన్ని, కొట్టకు" అని కుక్క భాషలో దండం పెట్టడం. దానికి మళ్లీ కొడితే మళ్లీ దండం పెడుతుంది. ఆ దండమంటే ఉచ్చే.

ఇల్లాలు క్యాలెండరు తీసి భర్త ముందు పెట్టింది. ఆయన గడులు చూశాడు.

"ఇదేంటి, నా పేరు కట్టావు? నేనేం చేశాను?"

"మీరేం చెయ్యొద్దనే చెబుతున్నా. కర్ర అరుగు మీద పెట్టి రండి. దాని మొహం వంక చూడొద్దు. పలకరించొద్దు. కాళ్లు కడుక్కుని నేరుగా లోపలికి పొండి. ఓ పది నిమిషాలయ్యాక అదే వస్తుంది మీ దగ్గరికి."

ఆయన నవ్వాడు. కుక్కకు మర్యాదలా అన్నాడు. రెండు రోజులు పట్టించుకోలేదు. మూడో రోజు అత్త కూడా అంది. "పోనీ చూడరా, పోయేదేముంది." అప్పుడు కర్ర అరుగు మీద పెట్టాడు. వారం తిరిగేసరికి ఆయన గడిలో "లో" ఒక్కటే ఉంది.

భయపడే కుక్కను పలకరించాలంటే మీదికి వంగకూడదు. నెత్తి మీద చెయ్యి వెయ్యకూడదు. పక్కకు తిరిగి గొంతుకు కూర్చోవాలి. చెయ్యి కింద నుంచి చాపాలి. అదే వచ్చి వాసన చూస్తుంది. అప్పుడు గడ్డం కింద నిమరాలి.

కాలెత్తే కుక్క

బస్తాల సంగతి ఇంకా మిగిలింది. ఇది అన్నిటికంటే మొండిది. సాయంత్రం వీధి కుక్కలు వాకిట్లోంచి పోతాయి. వాటిని చూసి రాజు మొరుగుతుంది. మొరిగి వచ్చి బస్తా మీద గుర్తు పెడుతుంది. పైగా ఆ బస్తాలు మిల్లు దగ్గర, బండి మీద, ఎన్నో కుక్కల వాసన పట్టుకుని వచ్చినవి.

ఆమె బస్తాలను బల్లల మీదికి ఎక్కించింది. చుట్టూ తడిక కట్టింది. నేలంతా కడిగింది. సాయంత్రం ఆ గంటసేపు రాజును దొడ్లో కట్టింది. వీధి కుక్కలు కనబడకపోతే పౌరుషం కూడా తక్కువే. బస్తాలున్న చోటికి కుక్క గోనె మార్చి, అన్నం కూడా అక్కడే పెట్టింది. తినే చోటు, పడుకునే చోటు కుక్క పాడు చెయ్యదు కదా. ఇది మంచి ఎత్తు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలా మగకుక్కల్లో ఈ చల్లే అలవాటు తగ్గుతుంది. అన్నింటిలో కాదు. పాత అలవాటు కొంత మిగిలిపోతుంది. ఆడకుక్కకు ఆపరేషన్ చేయిస్తే ఎద బాధ, రక్తపు మరకలు ఉండవు. పశువుల డాక్టరును అడిగి చేయించాలి.

జబ్బు అయితే

బాగా అలవాటయిన కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తే జబ్బు అనుకోవాలి. ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పొయ్యడం, ఎర్రగా రావడం, పోస్తూ మూలగడం, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరకపోవడం, పడుకున్న చోటే తెలియకుండా కారిపోవడం. ఇవి గుర్తులు. మూత్రంలో చీము పట్టవచ్చు. రాళ్లు ఉండవచ్చు. మూత్రపిండాల జబ్బు కావచ్చు. కుక్కకు చక్కెర జబ్బు కూడా వస్తుంది. మూత్రం అసలు రాకుండా ముక్కుతూ ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి. జబ్బుకు మందు పడాలి. నేర్పుడు పనికిరాదు.

కుక్క ఉచ్చ వల్ల మనుషులకు వచ్చే జబ్బు ఒకటి ఉంది. దాని పేరు లెప్టోస్పైరోసిస్. ఇది ఎక్కువగా ఎలుకల మూత్రం వల్ల వస్తుంది. జబ్బు ఉన్న కుక్కలు, పశువులు, పందుల మూత్రం వల్ల కూడా రావచ్చు. చేతికి, కాలికి పుండు ఉంటే అందులోంచి ఒంట్లోకి పోతుంది. తడి నేలలో ఈ క్రిములు బతుకుతాయి. ఎండకు, ఆరిన చోట చచ్చిపోతాయి. గట్టి జ్వరం, తలనొప్పి, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం దీని లక్షణాలు. పచ్చకామెర్లు కూడా రావచ్చు. అలా ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. ఇంట్లో కుక్క, ఎలుకలు ఉన్నాయని డాక్టరుకు చెప్పాలి. అందుకే ఉచ్చ కడిగేటప్పుడు చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోవాలి. తరువాత సబ్బుతో కడుక్కోవాలి. గర్భిణి ఈ పని చెయ్యకుండా ఉంటే మేలు. కుక్కకు ఈ జబ్బు రాకుండా టీకా ఉంది.

పిచ్చికుక్క వ్యాధి మాత్రం మూత్రం వల్ల రాదు. కాటు వల్ల, పుండు మీద కుక్క చొంగ పడడం వల్ల వస్తుంది. దానికి ఏటా టీకా వేయించాలి. ఏ కుక్క కరిచినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

వాన, పురుడు

మూడో వారంలో వాన పట్టింది. రాజు గుమ్మం దిగలేదు. చాలా కుక్కలకు తడి నేల గిట్టదు. రెండు రోజుల్లో 3 సార్లు "లో" వచ్చింది. అత్త నిట్టూర్చింది. ఇల్లాలు మాత్రం గోనెసంచి ముసుగు వేసుకుని కుక్కను పశువుల పాకలోకి నడిపించింది. అక్కడ ఒక మూల పొడి మట్టి పోసింది. "పొయ్, రాజూ" అంది. కాసేపు దిక్కులు చూసి పోసింది. ఇలా వెనక్కి పోవడం మామూలే. వాన వస్తుంది, చుట్టాలు వస్తారు, వేళ తప్పుతుంది. అప్పుడు మొదటి వారంలా మళ్లీ మొదలుపెడితే, ఈసారి రెండు మూడు రోజుల్లో దారిలో పడుతుంది.

నెల గడిచింది. కాలవ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. 6 వారాలకు క్యాలెండరులో పది రోజుల లెక్క చూస్తే "లో" ఒక్కటే ఉంది. అదీ బస్తాల దగ్గర.

కూతురు వచ్చిన రోజు కొత్త సంచులు, కొత్త వాసన. రాజు వాటి చుట్టూ తిరిగింది. ఇల్లాలు ముందే అనుకుంది. సంచులు మంచం మీద పెట్టించి, కుక్కను చెట్టు దగ్గరికి తీసుకుపోయి వచ్చింది. కాన్పు కాక ముందే ఉయ్యాల ఉండే గదికి అడ్డంగా తడిక పెట్టించింది. ఎంత మంచి కుక్కయినా పసిబిడ్డ దగ్గర ఒంటరిగా వదలకూడదు.

కాన్పుకు ఆసుపత్రికి పోయే హడావుడిలో ఆమెకు కుక్క వేళలు చూడడం కుదరదు. ఆ పని బడికి పోయే చిన్న కొడుక్కి అప్పజెప్పింది. రెండు రాత్రులు ఆమె ఆసుపత్రిలోనే ఉంది. తిరిగి వచ్చాక క్యాలెండరు చూసింది. ఆ రెండు గడుల్లోనూ 9.30 పక్కన వాడి రాతలో "బ" ఉంది.